వాసెన

మార్చి మొదట్లో గంటస్తంభం దగ్గర
నల్లద్రాక్ష బళ్ళ మధ్య
మా నాన్న బేరమాడే తీరు వేరు.
తియ్యగా ఉన్నాయా అని అడగడు.
ఒక పండు నోట్లో వేసుకుని, తోలు మాత్రం నమిలి
కాసేపు ఎటో చూస్తాడు.
బండివాడు విసుక్కుంటాడు:
"కొంతావా, పరీచ్చ రాత్తన్నావా?"

చంపావతి ఒడ్డున మా ఊరికి
ఇటలీ ఎక్కడుందో తెలీదు.
అక్కణ్ణించి ఒక గెడ్డం ఫాదరు మాత్రం వచ్చాడు,
కలరా ఏడాది, సైకిలు మీద.
తెచ్చి నాటిన ద్రాక్షకొమ్మ
మూడు వానలకి బూజుపట్టి చచ్చిపోయింది.
ఆయన బెంగ చావలేదు.
మా ఊళ్ళో మా అమ్మ ఇలా తొక్కేది, ఇలా పులియబెట్టేది అని
వచ్చీరాని తెలుగులో చెబుతుంటే
మా ముత్తాత గవరయ్య, అప్పటికే రాయప్ప,
కుండలమట్టి తొక్కుతూ విన్నాడట.
"తొక్కడవేనా? అది మా కులవిద్దే బాబూ."

తీరా పళ్ళ గంప ముందు దించేసరికి
కాలు లేవలేదట.
తినేదాని మీద కాలెలా వేస్తారు?
ఒక్కో గుత్తీ తీసి కళ్ళకద్దుకుని
బానలో వేసి,
అప్పుడు దిగాడు.
ఫాదరు గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పటికీ అంతే.
నలభై కిలోలు, గుత్తి గుత్తీ కళ్ళకి.
నీళ్ళు తగలకూడదు, బెల్లం పడకూడదు, పండొక్కటే:
ఇది ఫాదరు పెట్టిన నియమం.
తొక్కేవాళ్ళు పదేళ్ళ లోపువాళ్ళే:
ఇది మా నానమ్మ పెట్టింది.
పెద్దవాళ్ళ పాదాలు ఎక్కడెక్కడ తిరిగొస్తాయో అని.

నేను ఆరేళ్ళు తొక్కాను.
పండు మడమ కింద చిట్లే చప్పుడు
చెవికి కాదు, మోకాలికి వినిపిస్తుంది.
మర్నాడు బళ్ళో మేష్టారు నా కాళ్ళు చూసి
"పారాణి ఎవరు పెట్టారే?" అంటే
క్లాసంతా నవ్వింది.
మట్టలాదివారం దాకా ఆ రంగు వదల్లేదు.

తొక్కాక బాన నానమ్మది, సిలువమ్మది.
పాత చీర చింపి వాసెన కడుతుంది,
వంటింటి మూల, ఉప్పు జాడీ పక్కన.
మూడోనాటికి లోపల ఎవరో గుసగుసలాడతారు.
ఏడోనాటికి జగడం.
ఆవిడ వొంగి చెవి ఆనించి
"ఇంకా కోపంగుంది, దరికెళ్ళకండి" అంటుంది.
పదిహేనోనాటికి
"పడుకుందిరా."
తోలు పిండి, తేట వేరే బానలోకి వంచి
మడ్డి తీసుకెళ్ళి కరివేపాకు మొదట్లో పోస్తుంది.
మా ఇంటి చారుకి ఏదో వాసనుంటుందని
చుట్టాలు అంటారు గానీ, గిన్నె మిగల్చరు.

యాభై ఏళ్ళు.
ఏ పూజలోనూ ఆ పాత్ర మా వైపు రాలేదు.
సత్ప్రసాదం నాలుక మీద పెట్టేవారు.
రసం ఫాదరే తాగేవారు,
తాగి, కళ్ళు గట్టిగా మూసుకుని
ఒక్క క్షణం అలా ఉండిపోయేవారు.
ఆ క్షణం కోసమే నానమ్మ ముందు వరసలో కూర్చునేది.
రుచి చూడకుండా ఎలా చేస్తావే అంటే
"అత్తెసరు అయ్యిందో నేదో
మూత తీసి సూత్తావేటి? సప్పుడు సాలదా?"

ఈ ఏడు కొత్త ఫాదరు, సాలూరు కుర్రాడు.
పట్నం నుంచి సీసాలొస్తున్నాయమ్మా,
సీలు వేసి, చీటీ అంటించి,
మీకెందుకు ఇంక శ్రమ, అన్నాడు.
మంచిగానే అన్నాడు.
అప్పటికి బానలో ఐదో రోజు.

పునరుత్థాన పండగ వెళ్ళిన మంగళవారం
నానమ్మే లేచి వాసెన విప్పింది.
స్టీలు గ్లాసులు వరసగా పెట్టింది,
నాన్నకి, అమ్మకి, నాకు.
తనకి ఒకటి.
ముంత ముంచి, చుట్టూ చూసి,
తలుపు వేయమంది.
తాగింది.
కళ్ళు గట్టిగా మూసుకుంది.
మేం ఊపిరి బిగబట్టాం.

"ఓలమ్మా, ఎంత పులుపే!
ఇందుకేటి వోళ్ళు మొకాలు అలగ పెట్టీవోరు?
నాను బత్తనుకున్నాను గదే."

నాన్న నవ్వి నవ్వి గోడకి ఆనుకున్నాడు.
ఆవిడ నవ్వలేదు.
ఖాళీ గ్లాసుని చెవి దగ్గర పెట్టుకుని
కాసేపు విని,
నా వైపు చాపింది,
మళ్ళీ పొయ్యమని.